హాల్లో సముద్రం

బర్రాంగ్ లొంపో దీవి
6 ఫిబ్రవరి 2011

హస్నీకి సలాం.

నీ ఉత్తరం దాయెంగ్ నబా పడవలో మిరపకాయల మూట కింద నలిగి వచ్చింది. విప్పగానే రెండుసార్లు తుమ్మాను. దస్తూరీకి పదికి ఎనిమిది వేసేదాన్ని, జనవరిలో రాస్తానని ఫిబ్రవరిలో రాశావు కాబట్టి ఏడు. ఆలస్యానికి ఒక మార్కు కోత నా బడిలో ఎప్పుడూ ఉన్నదే. నిన్ను పెంచింది నేనే అయినా నీకు మినహాయింపు లేదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఇక్కడ సిగ్నలు రేవు చివర నిలబడితేనే దొరుకుతుంది. అక్కడిదాకా నడిచి వెళ్ళినా నా చెవికి సగమే వినపడుతుంది, మిగతా సగం నేను కల్పించుకుంటాను. ఉత్తరానికి ఆ బాధ లేదు. రాసింది రాసినట్టు ఉంటుంది, రేపు నేననలేదు అనడానికి వీలుండదు.

మీ ఆయన సంగతి నాకు అంతుబట్టదు. నెలకి ఇరవై రోజులు ఓడమీద ఇంజను దగ్గర పనిచేసి, ఇంటికొచ్చిన పది రోజులూ హాల్లో గాజుతొట్టి ముందు కూర్చుని మళ్ళీ సముద్రాన్నే చూసే మనిషిని నేనెక్కడా వినలేదు. పోనీ ఆ తొట్టి తనే కడుక్కుంటాడా అంటే, ఓడెక్కి పోతాడు. కడగాల్సింది నువ్వు. పగడపు రాయి ఎత్తబోయి వేలు కోసుకున్నది నువ్వు.

కుడిచేతి నడిమివేలు అన్నావు. సూది గుచ్చుకోకుండా నువ్వు అంగుస్తానా తొడుక్కునే వేలు. పెళ్ళికూతురి జాకెట్టుకి పూసలు కుట్టేదానికి ఆ వేలు ఎంత అవసరమో నాకు తెలుసు, అందుకే చెప్తున్నాను, మందుల షాపులకి తిరక్కు. ఉప్పునీళ్ళలో ముంచు, పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట. మీ తాతయ్య పాదంలో లంగరు కొక్కెం దిగితే నడుం లోతు సముద్రంలో నిలబెట్టే మాన్పాను. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ దీవి పిల్లల మోకాళ్ళన్నీ ఆ రేవులోనే కడిగించాను. ఒక్కడి కాలూ ఊడిపోలేదు.

పేరులో తీపి ఉన్నా నోట్లో లేని,
నీ నానమ్మ
దాయెంగ్ తెనె

*

మకస్సార్
20 ఫిబ్రవరి 2011

నానమ్మా, సలాం.

ఈసారి మేజా మీద పెట్టి రాస్తున్నాను, వరసలు చూసుకో.

ఇక్కడి సముద్రం నీ రేవు దగ్గర సముద్రంలాంటిది కాదు. ఊళ్ళో కాలవలన్నీ అందులోకే దిగుతాయి. అందులో ముంచితే ఉన్న వేలు పోతుంది. ఇంట్లోనే ఒక సముద్రం ఉండగా బయటికెందుకు అనుకుని, ఆయన గాజుతొట్టిలోనే ముంచుతున్నాను. ఉప్పు కొలిచి కలిపిన నీళ్ళు, అద్దంలా ఉంటాయి. అందులో చేపలు లేవు, వట్టి పగడాలే, కాబట్టి చేపల మురికి కూడా ఉండదు. అలా చేయొచ్చా? నువ్వు వద్దంటే మానేస్తాను.

ఆ నీళ్ళు మార్చడం ఒక పెద్ద పని. గొట్టం ఒక చివర తొట్టిలో ముంచి రెండో చివర నోటితో పీలిస్తేనే నీళ్ళు బకెట్టులోకి దిగుతాయి. ఒక్కోసారి గుక్కెడు నోట్లోకి వచ్చేస్తుంది. మొన్న అత్తగారు చూసి, ఇంట్లో చారు సరిపోవడం లేదా అని అడిగారు.

రంజాన్ నెల చివరి లెబారన్ పండగ తర్వాత జరిగే పెళ్ళికి జాకెట్టు ఒకటి ఒప్పుకున్నాను. మెడ చుట్టూ పదకొండు వరసల పూసలు. అత్తగారు కూడా మెచ్చుకున్నారు, అంటే ఏమీ అనలేదు.

హస్ని

*

బర్రాంగ్ లొంపో
25 ఫిబ్రవరి 2011

హస్నీకి సలాం.

మంచి పని చేశావు. ఉప్పునీళ్ళు ఎక్కడైనా ఉప్పునీళ్ళే. అడుగు దూరంలో సముద్రం పెట్టుకుని బజారుకెళ్ళని తెలివి నా మనవరాలికి కాక ఇంకెవరికి వస్తుంది. పావుగంటతో తగ్గకపోతే అరగంట పెట్టు. దస్తూరీకి ఎనిమిది.

గొట్టం నోటితో పీల్చేటప్పుడు మాత్రం మీ అత్తగారి కంటపడకు. ఆవిడకి మాట తోచడమే అరుదు, తోచినప్పుడల్లా నువ్వే దొరకడం నాకిష్టం లేదు.

ఇక్కడ వాన కారి వంటింట్లో మూడు గిన్నెలు పెట్టాను. కప్పు వేయమని దాయెంగ్ గస్సింగ్‌ని పిలిచాను. వాడు నా దగ్గరే చదివాడు, ఇప్పుడు రేవు దగ్గర బతికున్న చేపలు ఊరూరికి పంపే షెడ్డులో తొట్లు కడుగుతున్నాడు. రెండు చేతులకీ గుడ్డలు చుట్టుకుని వచ్చి, సుత్తి పట్టుకోలేనమ్మా అన్నాడు. గస్సింగ్ అంటే బలవంతుడని పేరు పెట్టినవాళ్ళు నీకు ఎంత బాకీ పడ్డార్రా అన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు. గిన్నెలు ఇంకా అక్కడే ఉన్నాయి.

నానమ్మ

*

మకస్సార్
10 ఏప్రిల్ 2011

నానమ్మా, సలాం.

గాయం మూసుకుంది కానీ ఆ చోట చిన్న బుడిపె లేచింది. నొప్పి లేదు, ఎర్రగా, గట్టిగా ఉంది. పది రోజులకి చేతి వెనక ఇంకొకటి. ఇప్పుడు మణికట్టు పైన మూడోది. మెట్లెక్కి వస్తున్నట్టు వరసగా ఉన్నాయి.

మా వీధి క్లినిక్‌లో డాక్టరుకి చూపించాను. చర్మం ఏదో పడక రేగింది అన్నాడు, రాసుకోవడానికి ఆయింట్‌మెంటు ఇచ్చాడు. ఇంట్లో చేపలున్నాయా, చేపలు కడుగుతారా అని కూడా అడిగాడు. లేవన్నాను. చేపలు కడిగేది అత్తగారే, తొట్టిలో ఒక్క చేప కూడా లేదు కదా. తొట్టి సంగతి చెబుదామనుకున్నాను కానీ, అడిగినదానికే జవాబు చెప్పు, సొంత కవిత్వం వద్దు అని నువ్వు నేర్పిన మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. బయట ఇంకా ఇరవైమంది కూర్చుని ఉన్నారు కూడా.

ఆయింట్‌మెంటు రాస్తే ఎరుపు తగ్గుతుంది, బుడిపె మాత్రం పెరుగుతోంది. ఉప్పునీళ్ళు మానలేదు.

హస్ని

*

బర్రాంగ్ లొంపో
16 ఏప్రిల్ 2011

హస్నీకి సలాం.

అవి సూదిపోట్లకి లేచిన సెగ్గడ్డలు. రోజుకి ఎనిమిది గంటలు పూసలు కుడితే చేయి ఊరుకుంటుందా? నీకు చిన్నప్పుడు మెడమీద లేచినప్పుడు కూడా ఇలాగే ఒకదాని వెనక ఒకటి వరస కట్టాయి, వాటంతట అవే పోయాయి.

డాక్టరుకి సరిగ్గా జవాబు చెప్పావు. ప్రశ్న ఒకటైతే జవాబు ఇంకోటి రాసేవాళ్ళని ముప్పై ఎనిమిదేళ్ళు దిద్ది విసిగిపోయాను. నువ్వొక్కదానివైనా నేర్చుకున్నావు.

ఉప్పునీళ్ళు మానకు. లోపలున్న చెడు బయటికొచ్చేముందు పెరిగినట్టే కనిపిస్తుంది. ఆయింట్‌మెంటు నీ ఇష్టం.

నబా భార్యకి ఆడపిల్ల పుట్టింది. పేరు నన్ను పెట్టమన్నారు. ఈ దీవిలో ఇంకొకరికి తీపి అని పేరు పెట్టి మోసం చేయడం ఇష్టం లేక తప్పుకున్నాను.

నానమ్మ

*

మకస్సార్
12 జూన్ 2011

నానమ్మా,

దస్తూరీకి మార్కులు వేయకు. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను.

కుడిచేతి నడిమివేలు వంగడం లేదు. అరటిపండులా వాచి బిగుసుకుపోయింది. మోచేతిదాకా అయిదు బుడిపెలు, రెండు పగిలి రసి కారుతున్నాయి. జాకెట్టు నాలుగో వరస దగ్గర ఆగింది. పెళ్ళివాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. మిగిలిన పూసలు నా ఎదుటే సంచీలోకి వంపుకున్నారు. ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోవడం లేదు.

శంసీర్ ఓడ దిగి ఇంటికి వచ్చి చూసి భయపడ్డాడు. పెద్దాసుపత్రిలో డాక్టర్ లింబొంగ్ అని ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళాడు. తొరజా కొండల మనిషి, మెల్లిగా మాట్లాడుతుంది. ముక్క కోసి పరీక్షకి పంపింది. ఏం జబ్బో ఇంకా తెలియదంది. వేలు లోపల నరానికి పట్టి ఉంటే తీసేయాల్సి రావచ్చని కూడా అంది. ఈవిడా అదే అడిగింది, చేపలు ముట్టుకుంటారా అని. లేదనే అన్నాను.

నాకు కుట్టడం తప్ప ఇంకేం వచ్చు నానమ్మా? ఉప్పునీళ్ళు ఇంకా ముంచమంటావా?

హస్ని

*

బర్రాంగ్ లొంపో
18 జూన్ 2011

హస్నీ,

ఆ చేయి తొట్టిలో పెట్టకు. ఈ ఉత్తరం చదవడం ఆపి, ఇప్పుడే వెళ్ళి డాక్టర్ లింబొంగ్‌తో చెప్పు: ఇంట్లో ఉప్పునీళ్ళ తొట్టి ఉంది, అందులో పగడాలున్నాయి, కోసుకున్న చేయి అందులో రోజూ ముంచాను అని. చేపలున్నాయా అని అడిగినా అడగకపోయినా చెప్పు.

నీ ఉత్తరం చదివాక, వరసగా మెట్లెక్కిన బుడిపెలు నేనెక్కడ చూశానా అని ఆలోచించాను. చూడలేదు. చూసేదాన్నే, గస్సింగ్ చేతికున్న గుడ్డలు విప్పమని ఉంటే. ఇవాళ పొద్దున షెడ్డుకి వెళ్ళి విప్పించాను. వేళ్ళనుంచి మోచేతిదాకా, నువ్వు రాసినట్టే. ఎన్నాళ్ళుగా రా అంటే ఏడాది అన్నాడు. చేపల తొట్లలో పెరిగే పురుగు అట, కంటికి కనపడదట, తెగిన చోట దూరుతుందట. పట్నంలో డాక్టరు చెప్పి మాత్రలు ఇచ్చాడట. షెడ్డులో పనిచేసేవాళ్ళందరికీ తెలుసట. మరి నాకెందుకు చెప్పలేదురా అన్నాను. మీరు అడగలేదుగా టీచరమ్మా అన్నాడు.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాదు. నేను నీకు చెప్పింది సముద్రం. రోజుకి రెండుసార్లు పోటెత్తి తనని తాను కడుక్కునే సముద్రం. నాలుగు గాజు పలకల మధ్య నిలవున్న నీళ్ళు మందు అని నీకెవరు చెప్పారు?

నానమ్మ

*

మకస్సార్
9 జూలై 2011

నానమ్మా, సలాం.

వెళ్ళి చెప్పాను. డాక్టర్ లింబొంగ్ కలం కింద పెట్టి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అంది. మీరు చేపలని అడిగారు, మా ఇంట్లో చేపలు లేవు అన్నాను. తప్పు నా ప్రశ్నలో ఉంది, ఇకనుంచి తొట్టి అని అడుగుతాను అంది. ముక్క పరీక్షకి పంపిన చోటికి అప్పటికప్పుడే ఫోన్ చేసింది. ఆ పురుగుని వేరేగా, చల్లటి చోట పెట్టి పెంచితే తప్ప కనపడదట. రెండు వారాలకి కనపడింది.

అది క్షయ పురుగుకి దూరపు చుట్టమట. ఒకరినుంచి ఒకరికి అంటదట. రెండు రకాల మాత్రలు, కనీసం ఆరు నెలలు. ఆయింట్‌మెంటు దాన్ని ఇంకా పెంచిందట. వేలు తీసేయక్కర్లేదు, కానీ మునుపటిలా వంగుతుందని మాట ఇవ్వలేనంది. తొట్టిలో చేయి పెడితే భుజందాకా తొడుగులు ఉండాలట, తెగిన చేయి అసలు పెట్టకూడదట, గొట్టం నోటితో పీలుస్తానని చెప్తే ఆవిడ కళ్ళు మూసుకుంది.

క్షయ అన్న మాట ఒక్కటే అత్తగారి చెవిలో పడింది. అంటదని శంసీర్ ఎంత చెప్పినా నా కంచం, గ్లాసు వేరే పెట్టారు. చేతులారా తెచ్చుకుంది, గాయాన్ని తొట్టి నీళ్ళలో నానబెట్టేంత బుర్ర తక్కువదానికి ఇల్లు ఎలా అప్పగించను అని పక్కింటావిడతో అంటున్నారు. తన తొట్టి గనక శంసీర్ ఆవిడని వారించలేకపోతున్నాడు అనుకుంటా.

నువ్వు చెప్పింది సముద్రమే నానమ్మా. తొట్టిలో పెట్టింది నేను. తప్పు నాదే.

హస్ని

*

బర్రాంగ్ లొంపో
17 జూలై 2011

హస్నీకి,

కూర్చుని చదువు. మీ అత్తగారిని కూడా కూర్చోబెట్టు, ఇది ఆవిడకి కూడా రాస్తున్నాను. ఆవిడకి చదువు రాదని నీ పెళ్ళిలో నలుగురిలో నేనన్న మాట ఆవిడకి గుర్తుండే ఉంటుంది. అందుకని గొంతెత్తి, మెల్లిగా చదివి వినిపించు. ఆవిడకి ఒక్క ముక్క కూడా పోకూడదు.

ఇవాళ నీ ఉత్తరాల డబ్బా తీశాను. తేదీల వరసన పెడతానని నీకు తెలుసు. 20 ఫిబ్రవరి ఉత్తరం తీశాను. “ఆయన గాజుతొట్టిలోనే ముంచుతున్నాను” అని నీ చేత్తో నువ్వు రాశావు. “నువ్వు వద్దంటే మానేస్తాను” అని కూడా రాశావు. ఆ మొదటి మాట కింద నా ఎర్ర సిరా గీత ఉంది. తప్పు కింద గీసే గీత కాదది. బాగా రాసినచోట గీసే గీత. మంచి పని చేశావని జవాబు రాశాను. అరగంట పెట్టమన్నాను. ఆ ఉత్తరం నీ దగ్గర ఉండే ఉంటుంది.

మరిచిపోయి జూన్‌లో అలా రాశానని చెప్పుకోవచ్చు. డెబ్బై నాలుగేళ్ళ ముసలిదానికి మతిమరుపు ఎవరైనా ఇస్తారు. కానీ నేను మరిచిపోలేదు. “నీకెవరు చెప్పారు” అని రాసేటప్పుడు నాకు తెలుసు. కలం ఒక్క క్షణం ఆగింది. ఆగి, ముందుకే వెళ్ళింది. నీ వేలు పోతుందేమో అన్న భయంలో, ఆ పాపం నాది కాకపోతే బాగుండునన్న కోరిక నన్ను దాటేసింది. నువ్వేమో ఎడమచేత్తో, తప్పు నాదే అని రాసి పంపావు. దస్తూరీ ఎంత వంకరగా ఉందో చూసుకుంటూ ఆ మాట మూడుసార్లు చదివాను.

ఇంకోటి. అడిగినదానికే జవాబు చెప్పు అని నేర్పింది నేను. ఈ దీవిలో సగంమందికి నేర్పాను. గస్సింగ్ ఏడాదిపాటు చేతులకి గుడ్డలు చుట్టుకు తిరిగింది నేను అడగలేదనే. వాళ్ళంతా నా క్లాసులో నిశ్శబ్దంగా కూర్చునేవాళ్ళు, అది క్రమశిక్షణ అనుకున్నాను. ఎవరి దగ్గర ఇంకేం మాటలు చెప్పకుండా ఉండిపోయాయో, ఇప్పుడు ఒక్కొక్కరి మొహం చూస్తూ లెక్కపెట్టుకుంటున్నాను.

వియ్యపురాలా, దాయెంగ్ కనాంగ్, వినండి. నా మనవరాలు బుర్ర తక్కువది కాదు. పెద్దదాన్ని అడిగి చేసింది. చదువుకున్న పెద్దదాన్ని అడిగింది, అదొక్కటే ఆమె పొరపాటు. మీలాంటివారిని అడిగి ఉంటే తొట్టి నీళ్ళలో గాయం పెట్టవద్దనే చెప్పేవారు, చారు గురించి మీరు చేసిన ఎగతాళి చాలు నాకు అది తెలియడానికి. ఆ కంచం ఎవరికైనా వేరే పెట్టాలంటే నాకు పెట్టండి. వచ్చే శుక్రవారం నబా పడవలో వస్తున్నాను. పదకొండేళ్ళ తర్వాత దీవి దిగుతున్నాను.

నానమ్మ

*

మకస్సార్
14 సెప్టెంబర్ 2011

నానమ్మా, సలాం.

ఇది కుడిచేత్తో. కలం చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని, నడిమివేలుని పక్కకి నిలబెట్టి రాస్తున్నాను. అది పెళ్ళిలో పనిలేని పెద్దమనిషిలా చూస్తూ ఉంటుంది. సగం వంగుతోంది. మిగతా సగం గురించి డాక్టర్ లింబొంగ్ ఏమీ చెప్పదు, నేనూ అడగడం మానేశాను. అంగుస్తానా ఉంగరపు వేలికి మార్చాను. నిన్న ఒక వరస పూసలు కుట్టాను. వంకరగా వచ్చింది, విప్పలేదు.

నువ్వు వచ్చి వెళ్ళాక జరిగినవి. శంసీర్ తొట్టి తీసేయలేదు కానీ భుజందాకా రబ్బరు తొడుగులు తెచ్చుకున్నాడు. అవి వేసుకుని తొట్టిలో చేతులు పెడితే ఆవుకి పురుడు పోస్తున్నట్టుంటాడు. గొట్టానికి చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి ఒకటి వచ్చింది. ఇంట్లో ఎవరూ ఆ నీళ్ళు తాగడం లేదని అత్తగారు ఊరంతా చెప్పారు.

నీ ముందు అత్తగారు ఏమీ అనలేదని నువ్వు బాధపడ్డావు. నీకు చెప్పనిది ఒకటుంది. నీ ఉత్తరం ఆ రోజు గట్టిగా చదివి వినిపించాను. పెళ్ళిలో నువ్వన్న మాట దగ్గర మొహం బిగించారు. కంచం మాట దగ్గర లేచి లోపలికి వెళ్ళారు. బయటికి వచ్చి, మళ్ళీ చదువు అన్నారు. రెండోసారి విన్నాక నా కంచం తీసుకెళ్ళి అందరి కంచాలతో కలిపి తోమారు. నువ్వు వచ్చేసరికి అది ఎక్కడుందో నీకు తెలియలేదు, ఎందుకంటే అప్పటికే కలిసిపోయింది.

ఇంకోటి కూడా నువ్వు అడగలేదు, అయినా చెప్తున్నాను. నీ ఫిబ్రవరి ఉత్తరం నా దగ్గరే ఉంది. జూన్‌లో నువ్వు “నీకెవరు చెప్పారు” అని రాసింది చదివిన రోజు దాన్ని తీశాను. అత్తగారి ముందు, శంసీర్ ముందు పరిచి పెడదామనుకున్నాను. నీ మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. మళ్ళీ మడిచి పూసల డబ్బాలో పెట్టేశాను. నీ మీద ప్రేమతో అనుకోకు. చిన్నప్పుడు నా లెక్క తప్పు పోతే నువ్వు తప్పెక్కడో చెప్పేదానివి కాదు. మేజా పక్కన చేతులు కట్టుకుని నిలబడేదానివి, నేనే కనుక్కునేదాకా. అలాగే నిలబడ్డాను. తప్పు నాదే అని రాసింది కూడా అందుకే. ఆ మాట చదివి నువ్వు ఊరుకోగలవో లేదో చూద్దామని.

ఊరుకోలేదు. అందుకని నీ 17 జూలై ఉత్తరం దీనితోపాటు తిప్పి పంపుతున్నాను. ఎర్ర సిరా గీతలు నావి. “కలం ఒక్క క్షణం ఆగింది” అన్నచోట గీశాను, అది తప్పుకింద గీత కాదు. దస్తూరీ బాగుంది, వరసలు జారలేదు, అడిగినదానికంటే ఎక్కువ జవాబు రాశావు.

పదికి తొమ్మిది. 18 జూన్ నుంచి లెక్కపెడితే ఇరవై తొమ్మిది రోజులు ఆలస్యం.

హస్ని